పంట కాలువలో పిల్ల ఆల్చిప్పలు కనబడటం లేదు, కారణం నీళ్లేనా?

అందరికీ నమస్కారం. మాది గోదావరి డెల్టాలో ఒక ఊరు. ఎండాకాలం కాలువ కట్టేశాక బురదలో చెయ్యి పెడితే పెద్ద పెద్ద ఆల్చిప్పలు ఇప్పటికీ దొరుకుతున్నాయి. గోరంత పిల్లలు మాత్రం ఒక్కటీ లేవు. పెద్దవి ఏళ్ల తరబడి బతుకుతాయి కాబట్టి పైకి అంతా బాగున్నట్టే ఉంటుంది. నా టెన్షన్ అదే.

మగది నీళ్లలోకి వదిలిన వీర్యాన్ని ఆడది లోపలికి పీల్చుకుని, గుడ్లను తన మొప్పల్లోనే పొదుగుతుంది. బయటికొచ్చిన లార్వా (తొలిదశ పిల్ల) ఏదో ఒక చేప మొప్పకో రెక్కకో పట్టుకుని కొన్నాళ్లుండి, తర్వాత బురదలోకి రాలి పెరుగుతుంది. ఈ లార్వాలు, పిల్లలు అమ్మోనియాకూ రాగికీ తట్టుకోలేవు. అమెరికా పర్యావరణ సంస్థ 2013లో మంచినీటి అమ్మోనియా పరిమితులను సవరించినప్పుడు వీటిని కూడా లెక్కలోకి తీసుకుంది.

మా కాలువలోకి ఆక్వా చెరువుల నీళ్లు, ఊరి మురుగు రెండూ వస్తాయి. ఆక్వా షాపులో దొరికే కిట్‌తో అమ్మోనియా చూద్దామనుకుంటున్నా. పై నీళ్లు చూస్తే చాలా, పిల్లలుండే బురదలోని నీళ్లు తియ్యాలా? తియ్యాలంటే ఎలా? పీహెచ్, వేడి పెరిగితే అమ్మోనియా విషం పెరుగుతుంది కదా, మధ్యాహ్నం చూడటం మేలా? లామెల్లిడెన్స్ అనే మంచినీటి ఆల్చిప్ప రకం మన దగ్గర ఏ నెలల్లో లార్వాలను మోస్తుంది? ఆడదాన్ని చంపకుండా మొప్పలు చూసే దారి ఉందా? అన్నిటికంటే ముఖ్యం, లోపం నీళ్లలో ఉందా, లార్వా పట్టుకునే చేపలు తగ్గడంలో ఉందా అన్నది విడదీసి తేల్చేదెలా?

మత్స్యశాఖలోనో ముత్యాల పెంపకంలోనో పనిచేసినవాళ్లు దయచేసి చెప్పండి. కాలువకు మళ్లీ నీళ్లు వదిలేలోపు మొదలుపెట్టాలని ఉంది.