రూ.700 ఎస్‌ఎంపీఎస్, పైన 450 వాట్లు అని ఉంది: కొనొచ్చా?

చీమకుర్తి బిల్లింగ్ (ప్రశ్న):
గ్రానైట్ యూనిట్‌లో బిల్లింగ్ సిస్టమ్. ఐ3-12100 ప్రాసెసర్, ఒక ఎస్‌ఎస్‌డీ, ఒక హార్డ్ డిస్కు. డిజైన్ పనికి జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డు పెట్టాలి. ఇప్పుడున్న లోకల్ ఎస్‌ఎంపీఎస్ (మెయిన్స్ కరెంటుని కంప్యూటరుకి కావలసిన ఓల్టులకు మార్చే పెట్టె) లేబుల్ ఇది: 12 ఓల్టుల లైను 16 ఆంపియర్లు, 5 ఓల్టులది 20, 3.3 ఓల్టులది 18. వెనక 115/230 ఓల్టులు ఎంచే ఎర్ర స్విచ్ ఉంది. కరెంటు పోయి ఇన్వర్టరు అందుకునే లోపు సిస్టమ్ రీస్టార్ట్ అవుతోంది. పొద్దున పూట బాగానే నిలబడుతోంది, సాయంత్రం ఓల్టేజీ 180కి దిగినప్పుడే పడిపోతోంది. ఒంగోలు షాపులో ఇదే రకం కొత్తది రూ.700 చెప్పారు. యాక్టివ్ పీఎఫ్‌సీ (మెయిన్స్ ఓల్టేజీ దిగినా లోపలి ఓల్టేజీని నిలకడగా ఉంచే సర్క్యూట్) ఉన్న కంపెనీ సరుకు దాదాపు మూడింతలు. రూ.700 దాన్ని నమ్మొచ్చా, ఎట్టా తేల్చుకోవాలి?

లేబుల్ లెక్క (జవాబు):
ముందు ఆ లేబుల్‌నే లెక్కేయండి. 12 × 16 = 192 వాట్లు. 5 × 20 = 100. 3.3 × 18 = 59. స్టాండ్‌బై లైనూ, మైనస్ 12 లైనూ కలిపి మహా అయితే ఇంకో 16. అన్నీ కూడినా 370 దాటదు, మరి 450 ఎక్కడి నుంచి వచ్చింది? పైగా 5, 3.3 లైన్లకు ఉమ్మడి పరిమితి ఉంటుంది కాబట్టి ఆ రెండింటినీ పూర్తిగా కూడటం కూడా తప్పే.

ఇప్పటి సిస్టమ్‌లో ప్రాసెసరూ గ్రాఫిక్స్ కార్డూ తాగేది దాదాపు అంతా 12 లైను నుంచే. మీ ప్రాసెసర్ టర్బోలో 89 వాట్ల దాకా పోతుంది, బోర్డు మీద నష్టం కలిపితే 100. కార్డుకి 75. డిస్కూ ఫ్యాన్లూ ఒక 12, 15. మొత్తం 190 దగ్గర. లేబుల్ నిజమే చెబుతోందనుకున్నా మిగిలేది రెండు వాట్లు! కార్డు పెట్టేట్టయితే 12 లైను ఒక్కటే 300 వాట్లు, అంటే 25 ఆంపియర్లు ఇచ్చేది చూడండి. మిగతా అంకెల్ని పెద్దగా పట్టించుకోనక్కర్లేదు.

కావలి బెంచి:
సాయంత్రం మాత్రమే ఎందుకు పడిపోతోందో చెప్తాను. ఎర్ర స్విచ్ ఉందంటే లోపల యాక్టివ్ పీఎఫ్‌సీ లేనట్టే. కరెంటు పోయిన క్షణంలో సిస్టమ్‌ని నిలబెట్టేది ముందువైపు ఉండే రెండు పెద్ద కెపాసిటర్లలోని నిల్వ. మెయిన్స్ 230 ఉంటే అవి 325 ఓల్టుల దాకా నిండుతాయి, 180 ఉంటే 255 దగ్గరే ఆగిపోతాయి. నిల్వ ఓల్టేజీ వర్గాన్ని (స్క్వేర్) బట్టి ఉంటుంది కాబట్టి దాదాపు 40 శాతం తగ్గింది. అందులోనూ అడుగు దాకా వాడుకోలేరు, ఒక స్థాయి దిగగానే ఆగిపోతుంది. ఏటీఎక్స్ (కంప్యూటర్ ఎస్‌ఎంపీఎస్‌ల ప్రమాణం) ప్రకారం 16 మిల్లీసెకన్లు నిలబడాలి. చిన్న కెపాసిటర్లు వేసిన సరుకు 230 మీదే అంతంతమాత్రం, ఇక 180 మీద ఏం నిలబడుతుంది?

యాక్టివ్ పీఎఫ్‌సీ ఉన్నదయితే మెయిన్స్ 180 ఉన్నా లోపల కెపాసిటర్‌ని 380 దగ్గరే ఉంచుతుంది. మీకు అసలు తేడా ఇక్కడే.

ఇన్వర్టరు వెనక యూపీఎస్ మోడ్ స్విచ్ ఉందేమో చూడండి. నార్మల్ మోడ్‌లో అందుకోవడం ఆలస్యం. యూపీఎస్ మోడ్‌లో త్వరగా అందుకుంటుంది గానీ, 180 దగ్గర ఓల్టేజీ ఊగుతుంటే మాటిమాటికీ బ్యాటరీ మీదికి పోతుంది. ఇంకోటి, మీది స్క్వేర్ వేవ్ ఇన్వర్టరయితే కొన్ని యాక్టివ్ పీఎఫ్‌సీ ఎస్‌ఎంపీఎస్‌లు దాని మీద గుర్రుమని మోగుతాయి, ఆగిపోతాయి కూడా. అది కనుక్కున్నాకే డబ్బు పెట్టండి.

చీమకుర్తి బిల్లింగ్:
యూపీఎస్ స్విచ్ ఉంది, నార్మల్‌లో పెట్టి ఉంది. ఇన్వర్టరు సైన్ వేవ్‌దే. షాపాయన మాత్రం పచ్చ వైరూ నల్ల వైరూ కలిపి, ఫ్యాన్ తిరిగింది చూడు, మంచిదే అంటున్నాడు.

కావలి బెంచి:
ఫ్యాన్ తిరిగితే స్టార్ట్ అవుతోందని మాత్రమే తెలుస్తుంది. లోడ్ పెట్టాలి. ఆటో స్పేర్స్‌లో 12 ఓల్టుల హెచ్4 హెడ్‌లైట్ బల్బులు 60/55 రకం మూడు తెచ్చుకోండి. ఒకదాని రెండు ఫిలమెంట్లూ కలిపి సుమారు 9.5 ఆంపియర్లు, రెండోదాని ఒక్క ఫిలమెంటు 4.5. మొత్తం 14. ఒకే మోలెక్స్ (డిస్కులకిచ్చే నాలుగు పిన్నుల కనెక్టర్) పిన్ను మీద అన్నీ వేయొద్దు, వేరే వేరే పసుపు (12 ఓల్టుల) వైర్లకు పంచండి. 5 లైను మీద కూడా కొంత లోడ్ ఉండాలి. ఇంకో హెచ్4 బల్బు ఒక ఫిలమెంటు ఎర్ర (5 ఓల్టుల) వైరుకు కలిపితే మూడు ఆంపియర్లకు కాస్త తక్కువ లాగుతుంది.

బల్బులు టైల్ ముక్క మీద పెట్టండి, చేత్తో ముట్టలేనంత కాలతాయి. ఒక్కోటీ కలపండి. చల్లటి ఫిలమెంటు మొదట్లో బాగా లాగుతుంది, అందుకని ట్రిప్ అయితే తీసేసి, మెయిన్స్ ఆపి, నిమిషం ఆగి మళ్లీ చూడండి.

ఇరవై నిమిషాలు వెలగనిచ్చి మల్టీమీటరు డీసీ 20 రేంజిలో కనెక్టర్ దగ్గరే కొలవండి. పసుపు 11.40 నుంచి 12.60 లోపల, ఎర్ర 4.75 నుంచి 5.25 లోపల ఉండాలి. చవక వాటిలో రెండు లైన్లకూ ఒకే రెగ్యులేషన్, కాబట్టి 12 మీద లాగితే అది కుంగి 5 పైకి లేస్తుంది. పసుపు 11.3, ఎర్ర 5.3 కనబడితే తిరిగిచ్చేయండి. రిపుల్ (డీసీలో మిగిలిపోయే ఊగులాట) మాత్రం మల్టీమీటరులో నమ్మకంగా తెలియదు. పరిమితి 12 మీద 120 మిల్లీఓల్టులు, 5 మీద 50. దానికి ఆసిలోస్కోప్ ఉండాల్సిందే.

గూడూరు సర్వీసు:
లోడ్ పెట్టడానికి షాపాయన ఒప్పుకోకపోతే కంటితో కొంత తెలుస్తుంది. వైరు తొడుగు మీద 18 ఏడబ్ల్యూజీ (వైరు మందం గేజీ) అని ఉందా? 20, 22 అయితే సన్నం. ఫ్యాన్ జాలీలోంచి టార్చ్ వేస్తే కరెంటు వచ్చే వైపు రాగి చుట్టలు కనబడాలి. ఆ చోట్లలో ఉత్త తీగముక్క అతికించి ఉంటే ఫిల్టరు మిగుల్చుకున్నట్టే.

కవరు మాత్రం ఊడదీయొద్దు. ప్లగ్ పీకినా కెపాసిటర్లలో 300 ఓల్టులు కాసేపు నిలిచి ఉంటాయి. ఎర్ర స్విచ్ పొరపాటున 115 వైపు తిరిగి 230 తగిలిందా, క్షణంలో పేలుతుంది. పాతది వాడుతున్నన్నాళ్లూ దాని మీద టేపు వేసి ఉంచండి.

కంప్యూటర్ కేసు ముడితే జిల్లుమంటే ముందు ఎర్తింగ్ చూపించండి. ఎర్త్ లేని చోట మంచి ఎస్‌ఎంపీఎస్ కూడా ఫిల్టరు కెపాసిటర్ల మీదుగా మెయిన్స్‌లో సగం దాకా కేసు మీదికి తెస్తుంది.

మీ ఊళ్లో రాతి పొడి సంగతి వేరే చెప్పాలి. ఆ మెత్తటి దుమ్ము ఫ్యాన్ బుష్‌లో దూరి తిరగడం మందగిస్తుంది, లోపల వేడెక్కుతుంది. ప్రతి పది డిగ్రీల పెరుగుదలకూ కెపాసిటర్ ఆయుష్షు సగమవుతుందని లెక్క. రెండు నెలలకోసారి ప్లగ్ పీకి, ఫ్యాన్ రెక్క తిరక్కుండా పుల్ల అడ్డంపెట్టి, బ్లోయరుతో వెనక నుంచి ఊదండి. సీపీయూని నేల మీద కాకుండా రెండడుగుల ఎత్తున పెట్టండి.

చీమకుర్తి బిల్లింగ్:
యూపీఎస్ మోడ్‌కి మార్చాను. 12 లైను 25 ఆంపియర్లు రాసున్న యాక్టివ్ పీఎఫ్‌సీది తెప్పించమన్నాను. రాగానే ముందు బల్బుల మీద పెట్టి, కొలిచిన అంకెలు ఇక్కడే రాస్తాను.