పెద్దవాళ్లను కలిసినప్పుడు ఏం అడగాలి? మీ అనుభవం చెప్పండి

హన్మకొండ పోరడు:
సివిల్ బీటెక్ అయిపోయి ఎనిమిది నెలలైంది. మా మేనమామ స్నేహితుడు ఒకాయన మన వరంగల్ ఎన్‌ఐటీ ఇంకా ఆర్‌ఈసీగా ఉన్న రోజుల్లో, అంటే 2002కు ముందు, చదివారు. ఇప్పుడు వంతెనలు డిజైన్ చేస్తారు. ఆదివారం ఇంటికి రమ్మన్నారు. ఇదివరకు ఒక పెద్ద సారును కలిసి "పైకి రావాలంటే ఏం చేయాలి సార్" అని అడిగా. "కష్టపడు బాబూ" అన్నారు. చాయ్ తాగి వచ్చేశా. ఈసారి అట్లా కావద్దు.

ఖని నుంచి:
తమ్ముడూ, నాది సింగరేణిలో బొగ్గు బాయి దిగే పని. చేరిన కొత్తలో మేనేజర్ సర్టిఫికెట్ పరీక్షకు ఏం చదవాలని మా సీనియర్ను అడిగితే "రేపు మొదటి షిఫ్టుకు నాతో దిగు" అన్నారు. కింద కర్రతో గని పైకప్పును తట్టి వినమన్నారు. ఖంగుమంటే గట్టిగా ఉన్నట్టు, డొల్లగా మోగితే పొర విడిపోతున్నట్టు. ఆ తేడా నా చెవికి అందడానికి నెల పట్టింది. పక్కనున్న పాత కార్మికుడు మొదటి దెబ్బకే చెప్పేశాడు. "పరీక్ష గురించి నన్నడుగు, కప్పు గురించి ఆయన్నడుగు" అన్నారు సార్. వీలైతే ఆయన్ను ఇంట్లో కాదు, పనిచేసే చోట కలువు.

ఎనుమాముల మిర్చి:
మా అడ్తి షావుకారును "ఎంత మిగులుతుంది" అని అడిగితే మాట మార్చారు. "ఏ ఏడాది బాగా నష్టపోయారు" అంటే గంటన్నర చెప్పారు. తేమ చూసుకోకుండా బస్తాలు కోల్డ్ స్టోరేజీలో పెట్టారట. తీసేసరికి రంగు పోయి, తాలు (రంగు పోయిన నాసి కాయ) ధరకు అమ్ముకున్నారు. అప్పటి నుంచి సొంత బావమరిది సరుకైనా బస్తా అడుగు దాకా చెయ్యి పెట్టి కాయ విరిచి చూస్తారు. నేనూ అదే చేస్తున్నా.

నైట్ డ్యూటీ అక్క:
పెద్దవాళ్లతో చాయ్ హోటల్లో కూర్చుని ముచ్చట పెట్టడం మగవాళ్లకే కుదురుతుంది, మాకు ఆ వీలు లేదు. నేను మా హెడ్ నర్సు మేడమ్ దగ్గర రాత్రి రెండింటి తర్వాత, వార్డు సద్దుమణిగాక, రోజుకో ప్రశ్న అడిగేదాన్ని. డాక్టర్‌ను ఎప్పుడు లేపాలని అడిగా. "బీపీ, పల్స్ బాగున్నా సరే, పేషెంట్ తల్లి వచ్చి పొద్దున ఉన్నట్టు లేడమ్మా అంటే లేపు" అన్నారు. ఈ మాట ఏ క్లాసులోనూ వినలేదు.

మంచిర్యాల:
నాది వేరే అనుభవం. ఒక ఆఫీసర్ గారి మాట విని ఉద్యోగం వదిలి గ్రూప్-1కు కూర్చున్నా. 2022 నోటిఫికేషన్ ప్రిలిమ్స్ రెండుసార్లు రద్దయింది. హాస్టల్ ఫీజుకు అమ్మ పుస్తెలతాడు కుదువ పెట్టాం. ఆయన తప్పేం లేదు. ఆయన చదివినన్నాళ్లూ ఇంటికి కౌలు డబ్బులు వచ్చేవి, అన్న ఇల్లు చూసుకునేవాడు. నేనే అడగలేదు. నువ్వు మాత్రం తప్పకుండా అడుగు: ఆ రోజుల్లో మీకు ఖర్చులెట్లా వెళ్లాయి సార్ అని.

హన్మకొండ పోరడు:
వెళ్లొచ్చానన్నా. ఖర్చుల సంగతి అడిగా. మూడేళ్లు వాళ్ల అక్క ఇంట్లో ఉండి పనిచేశారట. నష్టం గురించి అడిగితే లేచి వెళ్లి పాత డ్రాయింగ్ తెచ్చారు. వంతెన దూలాల కింద పెట్టే బేరింగులు ఎప్పటికైనా మార్చాలి కదా, దానికి జాకీ పెట్టే జాగా వదలకుండా గీశారట. "కట్టేవాడు గుర్తున్నాడు, మార్చేవాడు గుర్తులేడు" అన్నారు. ఇప్పుడు నన్ను ఆ డ్రాయింగులోని పియర్ క్యాప్ (బేరింగులు కూర్చునే స్తంభం పైభాగం) సరిచేసి గురువారం తెమ్మన్నారు. మూడోసారి గీస్తున్నా.