ఆటలో అరటిపండు: తీసిపారేసే మాటా, కలుపుకునే మాటా?

అమలాపురం నుంచి:

అందరికీ నమస్కారమండీ. ఒక జాతీయం గురించి అడగాలి. సెలవులకి మా అక్క కొడుకు హైదరాబాదు నుంచి స్విచ్ పట్టుకుని వచ్చాడు. చేతిలో పట్టుకుని ఆడుకునే గేమ్ పెట్టె అది. వాడూ మా చిన్నదీ కలిసి మారియో ఆడుతున్నారు. మా దానికి ఐదేళ్లు. దానికి నాబిట్ అనే ఊదారంగు కుందేలు బొమ్మని ఇచ్చి, "నువ్వు ఆటలో అరటిపండువి, నీకేం కాదు, నా వెనకాలే వచ్చెయ్" అన్నాడు. పిల్ల సంబరంగానే ఆడుకుంటోంది. మా మావయ్యగారికి మాత్రం కోపం వచ్చింది. "చంటిదాన్ని పట్టుకుని లెక్కలో లేనిదానివి అంటావా?" అని కేకలేశారు. వాడు బిక్కమొహం వేశాడు. నేను కూడా ఈ మాట ఎవరినైనా తక్కువ చేసేటప్పుడే ఎక్కువగా విన్నాను. అసలు అర్థం ఏమిటో పెద్దవాళ్లు చెప్తారా?

రాజమండ్రి నుంచి:

తక్కువ చేయడమేనండి, సందేహం లేదు. కుర్చీ ఉండి అధికారం లేనివాడిని, మీటింగుకి పిలిచి మాట అడగనివాడిని ఆటలో అరటిపండు అంటాం. మీ మావయ్యగారి కోపంలో న్యాయం ఉంది.

రావులపాలెం నుంచి:

రాజమండ్రి మాస్టారు చెప్పింది ఇవాళ్టి వాడుక. కాదనను. కానీ ఈ మాట మీటింగుల్లో పుట్టలేదండీ, పిల్లల ఆటలో పుట్టింది. మీ అక్కగారి అబ్బాయి దాన్ని మళ్లీ ఆటలోనే, సరిగ్గా వాడాడు.

ఒకసారి నేల–బండ ఆట గుర్తు తెచ్చుకోండి. పెద్దపిల్లలు ఆటకి బయల్దేరగానే అమ్మ "చెల్లిని కూడా ఆడించుకోండి" అంటుంది. వదిలేసి వెళ్తే చెల్లి ఏడుస్తుంది. మామూలు రూలు పెడితే దొంగకి మొదట దొరికేది చెల్లే. అందుకని అరటిపండు. ఆ పిల్ల అందరితోపాటు పరిగెడుతుంది, అరుగెక్కుతుంది, అరుస్తుంది. దొంగ ముట్టుకున్నా అవుట్ కాదు. తను ఎవరిని ముట్టుకున్నా అదీ చెల్లదు. దొంగ ఎవరో తేల్చడానికి చేతులు కలిపి పంటలు వేసేటప్పుడు సరదాకి చెయ్యి పెట్టినా ఆ చెయ్యి లెక్కపెట్టరు, కాబట్టి దొంగ అయ్యే గండం కూడా లేదు. దెబ్బ తగలదు, దెబ్బ కొట్టే హక్కూ ఉండదు. రెండువైపులా ఉన్న రూలు ఇది. ఇందులో రెండోవైపు ఒక్కటే పట్టుకుని పెద్దవాళ్లు ఎత్తిపొడుపుగా మార్చేశారు.

ఇప్పుడు నాబిట్ సంగతి చూడండి. మీ పిల్లలు ఆడుతున్నది న్యూ సూపర్ మారియో బ్రదర్స్ యూ డీలక్స్ అయి ఉంటుంది. స్విచ్‌కి 2019 జనవరిలో వచ్చింది. అందులో మారియో పుట్టగొడుగు తింటే పెద్దవాడవుతాడు, నిప్పుపువ్వు దొరికితే నిప్పుముద్దలు విసురుతాడు. శత్రువు తగిలితే ఆ పవర్ పోతుంది, ఏ పవరూ లేనప్పుడు తగిలితే ప్రాణమే పోతుంది. నాబిట్‌కి శత్రువు తగిలినా ఏమీ కాదు. కానీ ఏ పువ్వు దొరికినా పవర్ కూడా రాదు. దొరికినవన్నీ సంచిలో వేసుకుంటే ఆ లెవెల్ చివర్లో అదనపు లైఫులవుతాయి, అంతే. గోతిలో పడితే మాత్రం నాబిట్ కూడా పోతాడు. మన చెల్లికి కూడా దొంగ నుంచే రక్షణ, అరుగు మీంచి పడితే మోకాలు డోక్కుపోవడం మామూలే కదా! 2023లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ వండర్‌లో కూడా యోషీలనే డైనోసార్ బొమ్మలకీ నాబిట్‌కీ ఇదే పద్ధతి: దెబ్బ లేదు, పవర్ లేదు. రక్షణా ఇచ్చి పవరూ ఇస్తే మిగతావాళ్లు తొండి అంటారు. ఆ సంగతి జపాన్‌లో గేమ్ తయారుచేసినవాళ్లకీ తెలుసు, మన అరుగుల మీద పిల్లలకీ తెలుసు.

ఇంకో విచిత్రం, ఆ కథలో నాబిట్ దొంగ. ఇక్కడ దొంగకే అరటిపండు హోదా దక్కింది.

మాట కట్టుబడి కూడా గమనించండి. "ఆటలో" అన్నాం. ఆట బయట కూర్చోబెట్టలేదు. లెక్కలో లేకపోయినా ఆటలో ఉంది ఆ పిల్ల. మీ మావయ్యగారు అన్న "లెక్కలో లేనిది"కీ దీనికీ అక్కడే తేడా. దీన్ని "కూరలో కరివేపాకు"తో కలిపేయడం వల్ల కూడా చిక్కు వస్తోందని నా అనుమానం. కరివేపాకుని వాడుకుని, ఏరి అవతల పారేస్తాం. అరటిపండుని ఎవరూ వాడుకోరు, పారేయరు, పక్కన పెట్టుకుని ఆడతారు.

మిగతా భాషల్లోనూ ఈ పిల్ల ఉంది. బెంగాలీలో దూధ్ భాత్ అంటారు, పాలన్నం. హిందీలో కచ్చా నింబూ, పచ్చి నిమ్మకాయ. మరాఠీలో లింబూ టింబూ. నాకు బెంగాలీవాళ్ల పాలన్నమూ మన అరటిపండూ ఎక్కువ నచ్చుతాయి, రెండూ పళ్లు రాని నోటికి కూడా పెట్టగలిగినవి. గెలలు వేసుకుని లారీలు కదిలే ఊళ్లో పుట్టినదాన్ని నేను. తాంబూలంలో అరటిపండు లేకుండా ముత్తయిదువని పంపం. చక్కెరకేళి చిదిమి చంటిపిల్ల నోట్లో పెడతాం. ఆ పండు పేరు పెట్టి పిలిస్తే పిల్లని చిన్నబుచ్చినట్టు నేను ఒప్పుకోలేనండీ.

నరసాపురం నుంచి:

బాగా చెప్పారండీ. చిన్న సందేహం. మా తమ్ముడి దగ్గర పాత గేమ్ బాయ్ ఉండేది, అదీ చేతిలో పట్టుకుని ఆడుకునే పెట్టే. అందులో మారియోకి నక్షత్రం దొరికితే కాసేపు ఎవరూ ఏమీ చేయలేరు. మేము అప్పుడు కూడా "అరటిపండు అయ్యాడ్రా" అనేవాళ్లం. అది తప్పు వాడుకంటారా?

రావులపాలెం నుంచి:

నా లెక్కలో అది అరటిపండు కాదండీ. 1989లో గేమ్ బాయ్‌తోపాటే వచ్చిన సూపర్ మారియో ల్యాండ్ తీసుకోండి. నక్షత్రం దొరకగానే పాట మారి హుషారైన క్యాన్‌క్యాన్ బాణీ మొదలవుతుంది. అది మోగినంతసేపు తగిలిన శత్రువల్లా చస్తాడు. దెబ్బ తగలకపోవడమే కాదు, తన స్పర్శే ఆయుధం. అది వరం. మన పురాణాల్లో వరాలకి షరతు ఉన్నట్టే దీనికి గడువు ఉంది.

అదే గేమ్‌లో అరటిపండు వేరేచోట ఉంది. పెద్ద మారియోకి దెబ్బ తగిలి చిన్నవాడైపోయాక కాసేపు బొమ్మ మిణుకుమిణుకుమంటుంది చూడండి. ఆ కాసేపు శత్రువు తగిలినా చెల్లదు. తేరుకోవడానికి ఇచ్చిన వ్యవధి అది. దాన్ని అరటిపండు అంటే నేను సంతోషంగా ఒప్పుకుంటాను.

భీమవరం నుంచి:

కిర్బీ అనే గుండ్రటి బొమ్మ గేమ్‌ని మర్చిపోయారు. అది మొత్తం ఆటే అరటిపండు కదా!

రావులపాలెం నుంచి:

కొంతవరకు నిజమే. 1992లో గేమ్ బాయ్‌కి వచ్చిన మొదటి కిర్బీ గేమ్‌ని మసహిరో సకురాయ్ కొత్తగా ఆడేవాళ్లకోసమని రూపొందించారు. గాలి పీల్చి ఉబ్బి ఎగిరిపోవచ్చు కాబట్టి గోతుల భయం తక్కువ. కానీ దెబ్బ తగిలితే లెక్కే, అందుకని పూర్తి అరటిపండు అనలేను. మరుసటి ఏడాది ఇంట్లో టీవీకి పెట్టుకునే గేమ్‌లో శత్రువుని మింగి వాడి విద్య తెచ్చుకోవడం మొదలైంది. 1995లో అది గేమ్ బాయ్‌కీ వచ్చింది. నిప్పువాణ్ణి మింగితే నిప్పు, రాయివాణ్ణి మింగితే రాయి. దీనికి మన పిల్లలు "వాడి పవర్ లాగేశాడు" అంటున్నారు. చక్కటి తెలుగు అది. ఎదుట నిలిచినవాడి బలంలో సగం లాగేసుకునే వాలి కథ విన్న భాషకి అంతకంటే మంచి మాట వెతకక్కర్లేదు.

అమలాపురం నుంచి:

చాలా సంతోషమండీ. ఇదంతా మా మావయ్యగారికి చదివి వినిపించాను. "ఆటలో అన్నారు, నిజమే" అన్నారు. ఇప్పుడు ఇంకో గొడవ. పిల్ల "నేను అరటిపండు కాను, నాకూ పుట్టగొడుగు కావాలి" అంటోంది. అలా అరటిపండు హోదా వదులుకోవడానికి మాట ఉందా?

రావులపాలెం నుంచి:

మా వైపు "లెక్కలోకి వచ్చింది" అంటాం. పంటల్లో చెయ్యి లెక్కపెట్టి, మొదటిసారి దొంగ అయినరోజు ఆ మాట. దొంగ అయినందుకు మురిసిపోతుంది పిల్ల! మీ పిల్లలు ఆడుతున్న మారియో గేమ్‌లోనే టోడెట్ అనే అమ్మాయి ఉంది. పవర్లన్నీ వస్తాయి, నడిపించడం కాస్త తేలిక, దెబ్బ తగిలితే మాత్రం లెక్కే. నాబిట్ తర్వాత దాన్ని ఇవ్వమని అన్నగారికి చెప్పండి.