కుడిచేత్తో రాసే పిల్లవాడు ఎడమచేతి బ్యాటింగ్ చేస్తే మాన్పించాలా?

ప్రశ్న (ఒంగోలు నుంచి ఒక తండ్రి):
మా అబ్బాయికి తొమ్మిదేళ్లు. అన్నం తినడం, రాయడం, బంతి విసరడం అన్నీ కుడిచేత్తోనే చేస్తాడు గానీ, బ్యాటు చేతికిస్తే మాత్రం ఎవరూ చెప్పకుండానే ఎడమచేతి వాటం ఆటగాడిలా నిలబడతాడు. వేసవి శిబిరంలో కోచ్ గారు ఇది తప్పుడు అలవాటనీ, ఇప్పుడే మాన్పించకపోతే పెద్దయ్యాక షాట్లలో బలం ఉండదనీ అంటున్నారు. కుడివైపు నిలబెడితే వాడికి బంతి బ్యాటుకే తగలడం లేదు. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

గుంటూరు క్లబ్ క్రికెటర్:
దయచేసి మాన్పించకండి. రాసే చేయి, బ్యాటింగ్ వాటం ఒకటే కావాలన్న నియమం ఏదీ లేదు. సౌరవ్ గంగూలీ కుడిచేత్తో బౌలింగ్ వేసి ఎడమచేతి బ్యాటింగ్ చేశారు. సచిన్ టెండూల్కర్ ఎడమచేత్తో రాస్తారు, ఆడింది మాత్రం కుడిచేతి వాటంతో. మన హైదరాబాద్ తిలక్ వర్మ ఎడమచేతి బ్యాటరే అయినా ఆఫ్ స్పిన్ (వేళ్లతో తిప్పి వేసే నెమ్మది బంతి) వేసేది కుడిచేత్తోనే.

బలం సంగతికి వస్తే, ఎడమచేతి బ్యాటింగ్‌లో పిడి పైభాగాన ఉండేది కుడిచేయి. డ్రైవ్ (బంతిని ముందుకు నెట్టి కొట్టే షాట్) ఆడేటప్పుడు బ్యాటును నిటారుగా నడిపించేది ఆ పై చేయే. కింది చేయి పెత్తనం చేస్తే బ్యాటు అడ్డం తిరిగి బంతి గాల్లోకి లేస్తుంది. అంటే మీ వాడి గట్టి చేయి ఉండవలసిన చోటే ఉంది. పుల్ (ఎత్తుగా లేచిన బంతిని బ్యాటు అడ్డంగా తిప్పి కొట్టడం) వంటి షాట్లకు కింది చేతి బలం కావాలన్న మాట నిజమే గానీ, అది వయసుతో, సాధనతో వచ్చేదే.

విజయవాడ నుంచి ఒక కోచ్:
పై మాటతో పూర్తిగా ఏకీభవిస్తాను. అయితే ఎడమచేతి వాటమైతే జట్టులో సులువుగా చోటు దొరుకుతుందన్న ఆశ మాత్రం పెట్టుకోవద్దు, ఎందుకంటే ఆ వాటానికి దాని కష్టాలు దానికున్నాయి. కుడిచేతి పేసర్లు ఓవర్ ద వికెట్ (బంతి వేసే చేయి వికెట్ల వైపు ఉండేలా) వేసి పరుగెత్తిన చోట పిచ్ గరుకెక్కేది సరిగ్గా ఎడమచేతి బ్యాటర్ ఆఫ్ స్టంప్ (బ్యాటర్ ముఖం తిరిగి ఉన్న వైపు స్టంప్) అవతలే. అక్కడ పడిన ఆఫ్ స్పిన్ బంతి బయటికి తిరిగి బ్యాటు అంచును వెతుక్కుంటుంది. టెస్టుల్లో భారత ఆఫ్ స్పిన్నర్ అశ్విన్ 200 మందికి పైగా ఎడమచేతి బ్యాటర్లను ఔట్ చేయడం వెనుక ఈ కోణం చాలా ఉంది. అందుచేత నెట్స్‌లో ఆఫ్ స్పిన్, రౌండ్ ద వికెట్ (వికెట్లకు రెండో పక్క నుంచి వేసే) బౌలింగ్ ఎక్కువగా ఆడించమని కోరండి.

ఒక పీఈటీ మాస్టారు:
ఈ సలహా అన్ని ఆటలకూ సరిపోదు. హాకీలో ఎడమచేతి కర్రలే ఉండవు, అందరూ ఒకే వాటానికి అలవాటు పడాల్సిందే. బ్యాడ్మింటన్‌లో మాత్రం పుట్టు వాటాన్ని కదపకూడదు: గుత్తా జ్వాల ఎడమచేతి క్రీడాకారిణే, 2016 రియో ఫైనల్లో సింధుపై గెలిచిన కరోలినా మారిన్ కూడా అంతే.

ప్రశ్న అడిగిన తండ్రి:
అందరికీ కృతజ్ఞతలు. రేపు కోచ్ గారితో మాట్లాడతాను. సామాన్లు వేరుగా కొనాలా?

గుంటూరు క్లబ్ క్రికెటర్:
బ్యాటు ఏదైనా ఒకటేనండీ. గ్లవ్స్ మాత్రం ఎడమచేతి వాటానివే అడిగి తీసుకోండి, ఎందుకంటే కింది చేతి బొటనవేలికి అదనపు రక్షణ ఉంటుంది, అది మీ వాడికి ఎడమచేతికి రావాలి. తొడ ప్యాడ్ కూడా కుడికాలిదే చూడండి, బౌలర్ వైపు ముందుండేది ఆ కాలే.