సిస్టమ్ గడియారం సరిగ్గా 37 సెకన్లు ముందుకు పోతోంది: లోపం మాస్టర్‌దా, నాదా?

రెండు లినక్స్ సర్వర్ల సమయాన్ని లినక్స్‌పీటీపీ (నెట్‌వర్క్ ద్వారా గడియారాలను కలిపే పీటీపీ పద్ధతికి లినక్స్‌లో వాడే సాఫ్ట్‌వేర్) కమాండ్లతో సమన్వయం చేయడానికి ప్రయత్నిస్తున్నాను. నెట్‌వర్క్ కార్డుకు హార్డ్‌వేర్ టైమ్‌స్టాంపింగ్ (ప్యాకెట్ల సమయాన్ని కార్డే నమోదు చేసే) సదుపాయం ఉన్నట్లు ఈథ్‌టూల్ కమాండ్ చూపిస్తోంది. పీటీపీ4ఎల్ ప్రోగ్రాం కార్డులోని గడియారాన్ని మాస్టర్‌తో (నెట్‌వర్క్‌లో సమయాన్ని పంపే గడియారంతో) 100 నానోసెకన్లకు మించని తేడాలో నిలకడగా ఉంచుతోంది. ఇంతవరకు చిక్కు లేదు.

అయితే ఆ సమయాన్ని సిస్టమ్ గడియారానికి అందించేందుకు పీహెచ్‌సీ2సిస్ ప్రోగ్రాంను డబ్ల్యూ (-w) ఆప్షన్‌తో నడిపినప్పుడు, సిస్టమ్ సమయం సరిగ్గా 37 సెకన్లు ముందుకు వెళ్తోంది. ఇది టీఏఐకి (అంతర్జాతీయ అణు సమయానికి), యూటీసీకి (మామూలుగా వాడే ప్రామాణిక సమయానికి) మధ్య 2017 నుంచి ఉన్న తేడాయే కనుక యాదృచ్ఛికం కాదని నా నమ్మకం. సిస్టమ్ గడియారాన్ని సరిదిద్దే మరో ప్రోగ్రాం క్రోనీని ముందే ఆపివేశాను కాబట్టి గడియారం కోసం రెండు ప్రోగ్రాములు పోటీపడే అవకాశమూ లేదు. పీఎంసీ కమాండ్‌తో మాస్టర్ ప్రకటించే సమయ లక్షణాలను అడిగితే, పీటీపీ టైమ్‌స్కేల్ (పంపేది టీఏఐ సమయమేనని తెలిపే గుర్తు) అన్న విలువ 1కి బదులు 0 అని వస్తోంది.

మాస్టర్ టీఏఐ సమయాన్నే పంపుతూ ఆ సంగతిని ప్రకటించకపోవడం వల్లనే పీహెచ్‌సీ2సిస్ తేడాను సున్నాగా తీసుకుంటోందని అనుకోవచ్చా? తేడాను చేత్తో ఇచ్చే పెద్ద ఓ (-O) ఆప్షన్‌తో మైనస్ 37 ఇస్తే సమయం సరిపోతోంది, కానీ మున్ముందు లీప్ సెకను (యూటీసీకి అప్పుడప్పుడు కలిపే అదనపు సెకను) చేరిస్తే ఆ అంకె తప్పుతుంది. మాస్టర్ సెట్టింగులు నా చేతిలో లేనందున, నా వైపు నుంచే దీన్ని సరిదిద్దే నమ్మకమైన మార్గం ఏదైనా ఉంటే దయచేసి తెలుపగలరు.