ముంపు ఊళ్ల సర్వేలో 'సంస్కృతి' గడి నింపడం ఎలా?

ప్రశ్న:
రిజర్వాయరు ముంపు ఊళ్ల సామాజిక ప్రభావ సర్వేకి ప్రశ్నావళి తయారవుతోంది. ఇళ్లు, చెట్లు, బావులు లెక్కకు అందుతాయి. సంస్కృతి దగ్గరికి వచ్చేసరికి 'గుడి 1, శ్మశానం 1' అని రాసి వదిలేస్తున్నారు. ఊరు లేచిపోయాక నిజంగా దెబ్బతినేదేమిటి? దాన్ని ఇప్పుడే ఎలా పట్టుకోవాలి? గడువు రెండు నెలలే.

జవాబు 1:
రెండు నెలల్లో మీకు కనిపించేది ఆ రెండు నెలల్లో జరిగే తంతులే. విత్తే ముందు చేసేవి, వాన కోసం చేసేవి తప్పిపోతాయి. గడువు పెంచకపోతే కనీసం పన్నెండు నెలల పట్టిక వేయించండి. ఒక్కో తంతుకు: ఎప్పుడు, ఏ చోట, ఎవరు చేస్తారు, ఏం కావాలి, ఏ దారిన నడుస్తారు. 'ఏం కావాలి' దగ్గరే అసలు సంగతి బయటపడుతుంది. ఏటి నీళ్లో, ఫలానా గట్టు మట్టో కావాలంటారు. అది మునిగిందంటే కొత్త గుడి ఎంత బాగా కట్టినా తంతు ఆగిపోయినట్టే.

చేతిపనులూ అంతే. కొత్త చోటి మట్టితో ముందే కుండ చేయించి కాల్పించండి. సున్నపురాయి పలుకులున్న మట్టయితే కుండ ఆవంలో బాగానే కాలుతుంది, తర్వాత తేమ పీల్చి పెచ్చులూడుతుంది. కాల్చిన రోజే చూసి 'మట్టి బాగుంది' అని రాసేయొద్దు, కొన్ని వారాలు ఆగాలి.

జవాబు 2:
ఇళ్ల కేటాయింపును ఎవరూ సంస్కృతి కింద లెక్కవేయరు, పెద్ద దెబ్బ అక్కడే. ఈజిప్టులో నైలు నది మీద కట్టిన అస్వాన్ హై డ్యామ్ చూడండి. మునిగిపోయే చోట ఉన్న అబూ సింబెల్ పురాతన ఆలయాలను 1964-68 మధ్య ముక్కలుగా కోసి, ఒక్కో రాయికి నంబరు వేసి, పాతచోటికి 65 మీటర్ల ఎత్తున మళ్లీ పేర్చారు. 1963-64లోనే దాదాపు 50 వేల మంది ఈజిప్టు నూబియన్లను (ఆ నది ఒడ్డున బతికే జనం) కోం ఓంబో అనే ఊరి వైపు తరలించారు. అక్కడ ఇళ్లు గదుల లెక్కన వరసలు: చిన్న కుటుంబాలవి ఒకచోట, పెద్దవి ఇంకోచోట. ఒంటరి ముసలివాళ్లు ఒక మూలకి, వాళ్ల పిల్లలు మరో మూలకి పోయారు. నైలు ఒడ్డున బతికినవాళ్లకి నది కిలోమీటర్ల దూరమైంది. రాళ్ల మీద పెట్టిన శ్రద్ధ ఇరుగుపొరుగు మీద పెట్టలేదు.

అందుకని పాత ఊరి పటం గీయించి, ఎవరి గుమ్మం ఎవరికెదురు, చావు కబురు ముందు ఎవరికి వెళ్తుంది అన్నవి గుర్తించండి. స్థలాల లాటరీ ఇంటికొకటి తీయొద్దు. పదేసి ఇళ్లవాళ్లు తామే ఒక జట్టుగా చేరాక జట్టుకొకటి తీయాలి.

జవాబు 3:
కొత్త చోటు ఖాళీ నేల అనుకోవద్దని కూడా రాసుకోండి. ఆఫ్రికాలో జాంబెజీ నది మీది కరీబా ఆనకట్ట కోసం 1950ల చివర్లో 57 వేల మంది టోంగా తెగవాళ్లను కదిలించారు. వాళ్ల వాన పూజలు 'మలెండే' అనే చోట్లకు ముడిపడినవి, జరిపించే హక్కు ఆ నేలను మొదట సాగుచేసిన వంశానిది. నేల మారాక ఆ వంశం పెద్దమనిషి మాటకి బలం ఎక్కడిది? అప్పటికే అక్కడున్న ఊరివాళ్లతో పూజకీ, ఖననానికీ, మేతకీ ఏ చోటు ఎవరిదో తరలింపుకి ముందే ఒప్పందం రాయించాలి.

ప్రశ్న అడిగినవారు:
మరి గుడిని ఎప్పుడు తరలించాలి? కాంట్రాక్టరు ఇళ్లతో పాటే కూల్చేస్తానంటున్నాడు.

జవాబు 1:
వద్దండి. చోటు ఎంచుకోవడం పూజ చేసేవాళ్ల చేతిలో ఉండాలి. ముందు కొత్తది కట్టి, పాతచోట ఆఖరి పూజ అయ్యాక దేవుణ్ణి కదిపి, జనం చేరాక చివర్లో పాతది కూల్చాలి. కాంట్రాక్టులో దీన్ని చదరపు అడుగుల పనిలో కలిపేయకుండా, ఊరివాళ్ల సంతకం పడ్డాకే బిల్లు చెల్లేలా విడిగా పెట్టండి. 'ఈ దేవత కదలదు' అని వాళ్లే అంటే కొత్త కట్టడం మీద డబ్బు పోయొద్దు. నీటిమట్టం తగ్గే నెలల్లో పాతచోటికి వెళ్లడానికి దారీ, పడవా అడగండి.

పాటలు, మంత్రాలు రికార్డు చేయాలనుకుంటే ముందు ఎవరెవరు వినొచ్చో అడగాలి. కొన్ని బయటివాళ్లు వినకూడనివి, వాటిని వదిలేయండి.