నాలుగు సింగిల్ మాల్ట్‌లు పక్కపక్కన పెట్టి పోల్చాలంటే ఎట్ట? నెల్లూరు ఎండల్లో

పెన్నగట్టు, నెల్లూరు

అన్నలందరికీ నమస్కారం. నలుగురం కూర్చుని నాలుగు సింగిల్ మాల్ట్ స్కాచ్‌లు (మొలకెత్తించిన బార్లీ, అంటే మాల్ట్‌తో ఒకే డిస్టిలరీలో కాచిన స్కాట్లండ్ విస్కీలు) పోల్చాలనుకుంటున్నాం. తాగి లేవడానికి కాదు. ఒకదానికీ ఇంకోదానికీ తేడా ఏందో, ఆ తేడా ఎక్కణ్ణుంచి వచ్చిందో పట్టుకోవాలని. దగ్గరున్న సీసాలు: గ్లెన్‌ఫిడిక్ 12, గ్లెన్‌మొరాంజీ లసాంటా 12, టాలిస్కర్ 10, లాగవులిన్ 16. సీసాల మీద ఆల్కహాల్ వరసగా 40, 43, 45.8, 43 శాతం అని ఉంది.

ఏది ముందు, ఏది తర్వాత? మనిషికి ఎంత పోయాలి? నీళ్ళు కలపాలా, కలిపితే ఏ నీళ్ళు, ఎంత? సాయంత్రం ఏడుకు కూడా మా గది 34 డిగ్రీలుంటోంది, గ్లాసు ముక్కు దగ్గర పెడితే స్పిరిట్ ఘాటు తప్ప ఇంకేం తెలియడం లేదు. మూడో గ్లాసు దగ్గరికి వచ్చేసరికి అన్నీ ఒకటే వాసన. ఇది ముక్కు లోపమా, పద్ధతి లోపమా? ఇంకోటి, ఇంగ్లీషు వర్ణనల్లో హెదర్ పూలు, క్విన్స్ పండు అని రాస్తారు. వాటిని ఇక్కడ ఎవరూ చూడలేదు, మనం ఏ పేర్లతో రాసుకోవాలి?

ఒంగోలుగిత్త, ఒంగోలు

తమ్ముడూ, ముందు గది సంగతి తేలాలి. అది సరిగా లేకపోతే మిగతా జాగ్రత్తలు ఎన్ని తీసుకున్నా వృథా. విస్కీని పోల్చాల్సింది 20 నుంచి 22 డిగ్రీల దగ్గర. వేడి పెరిగేకొద్దీ ఆల్కహాల్ ఆవిరి ఎక్కువగా లేచి ముక్కును మంటపెడుతుంది, దాని కింద సున్నితమైన వాసనలు కప్పబడిపోతాయి. ఏసీ 22కి పెట్టి, సీసాలు, గ్లాసులు, కలిపే నీళ్ళు అన్నిటినీ నాలుగైదు గంటల ముందే ఆ గదిలో ఉంచండి. గదిలో గాలి చల్లబడినంత త్వరగా సీసాలో ఉన్నది చల్లబడదు. త్వరపడి ఫ్రిజ్‌లో మాత్రం పెట్టొద్దు. చల్లని విస్కీ వాసన ఇవ్వదు. ఐసు కూడా అందుకే వద్దు.

పోసే ముందు ఫ్యాన్ ఆపేయండి. చాలామంది మర్చిపోయేది ఇదే. గ్లాసు మూతి దగ్గర పేరుకోవాల్సిన వాసనను ఫ్యాన్ గాలి ఊడ్చుకుపోతుంది. ఏసీ గాలి కూడా బల్ల మీదికి కొట్టకుండా రెక్కలు పైకి తిప్పండి. అగరొత్తులు, దోమల చక్రం, మల్లెపూలు, సెంటు, ఏవీ ఆ గదిలో ఉండకూడదు. చేపల పులుసు, వేపుళ్ళు అన్నీ అయిపోయాకే. మిరపకారం నోట్లో ఏ నరాలను మండిస్తుందో ఆల్కహాల్ కూడా వాటినే మండిస్తుంది, కాబట్టి కారం తిన్న నోటికి 40 శాతం కూడా 60 శాతంలా తగులుతుంది. మధ్యమధ్యలో నమలడానికి ఉప్పు, తాలింపు లేని ఉత్త బొరుగులు పెట్టుకోండి, అవి చాలు.

గ్లాసు: అడుగున ఉబ్బి మూతి దగ్గర సన్నబడే తులిప్ ఆకారం కావాలి. గ్లెన్‌కెయిర్న్ గ్లాసు దీనికోసమే చేసింది. దొరక్కపోతే చిన్న వైన్ గ్లాసులు సరిపోతాయి, నాలుగూ ఒకే రకం అయితే చాలు. ఒకటి వెడల్పు, ఒకటి సన్నం అయితే మీరు పోల్చేది గ్లాసులనే అవుతుంది. నిమ్మవాసన సబ్బుతో కడిగితే ఆ వాసన గాజుకు పట్టుకుని ఉంటుంది, తర్వాత అందరూ 'సిట్రస్' అని రాసుకుంటారు. వేడినీళ్ళతో రెండుసార్లు తొలిచి, గుడ్డతో తుడవకుండా ఆరబెట్టండి.

మనిషికి ఒక్కో రకం 15 మి.లీ. నాలుగూ కలిపి 60, అంటే ఒక లార్జ్. దానికి మించొద్దు, మించితే తీర్పు చెప్పేది నాలుక కాదు, మత్తు. నాలుగూ ఒకేసారి పోసి, ఒక్కో గ్లాసు మీద చిన్న స్టీలు మూత పెట్టి పది నిమిషాలు వదిలేయండి. ఒకటి తాగేసి ఇంకోటి పోసుకుంటే అది పోల్చడం కాదు, జ్ఞాపకాన్ని నమ్ముకోవడం.

వరస మీరు రాసిందే సరైంది: గ్లెన్‌ఫిడిక్, లసాంటా, టాలిస్కర్, లాగవులిన్. ముందు నాలుగింటినీ వాసన చూడండి, ఒక్క చుక్క కూడా నోట్లోకి పోకముందే. గ్లాసును గడ్డం దగ్గర పట్టుకుని, నోరు కొంచెం తెరిచి, మెల్లగా పైకి తీసుకురండి. వైన్‌లాగా గిరగిరా తిప్పొద్దు, తిప్పితే ముందు లేచేది ఆల్కహాలే. రెండు మూడు సెకన్లు చాలు, తీసేసి మళ్ళీ పెట్టండి.

మూడో గ్లాసుకు అన్నీ ఒకటే అనిపించడం ముక్కు లోపం కాదు. ఒకే వాసన ఆగకుండా తగులుతుంటే ముక్కు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. ఒక్కో గ్లాసుకూ మధ్య మీ మోచేతి మడతను వాసన చూసుకోండి. మన ఒంటి వాసన మనకు ఎప్పుడూ అలవాటే కాబట్టి ముక్కు మామూలు స్థితికి వస్తుంది. కాఫీ గింజలు పెట్టుకోవద్దు, అది ఇంకో ఘాటు వాసనను ఎక్కించడమే.

కావలి_కెరటం

నీళ్ళ సంగతి నేను చెప్తాను. మున్సిపల్ కుళాయి నీళ్ళు వద్దు. క్లోరిన్ వాసన ఉన్న నీళ్ళు పీట్ విస్కీలో (పీట్ అనే బురదనేల మట్టిని కాల్చిన పొగతో మాల్ట్‌ను ఆరబెట్టి చేసింది) పడితే ఆ మందుల వాసన లాగవులిన్‌దా, కుళాయిదా అన్నది తేల్చలేరు. మన వైపు బోరు నీళ్ళు చాలాచోట్ల ఉప్పదనంతోటో సున్నంతోటో ఉంటాయి. ఆర్వో నీళ్ళు గాజు సీసాలో పట్టుకుని వాడండి, ఎండలో నిలబడిన ప్లాస్టిక్ క్యాన్‌లోవి వద్దు.

కొలతకు మందుల షాపులో సూది లేని 2 మి.లీ. సిరంజి తీసుకోండి. చెంచాతో ఈ పని కాదు. సూత్రం తేలిక: ఉన్న శాతాన్ని కావలసిన శాతంతో భాగించి, ఒకటి తీసేసి, గ్లాసులో ఉన్న మి.లీ.తో గుణించండి.

మొదటి గుటక 5 మి.లీ. నీళ్ళు లేకుండా తీసుకుంటే మిగిలేది 10. దాన్ని 40 శాతానికి దించడానికి టాలిస్కర్‌కు 1.45 మి.లీ., లసాంటాకూ లాగవులిన్‌కూ 0.75 మి.లీ. చొప్పున పడతాయి. గ్లెన్‌ఫిడిక్‌కు ఏమీ అక్కర్లేదు. ఇప్పుడు నాలుగూ ఒకే బలంలో ఉన్నాయి, రెండో గుటక అప్పుడు తీసుకోండి. తర్వాత మిగిలినదానికి మూడో వంతు నీళ్ళు కలిపితే 30 శాతానికి వస్తుంది. వాసన చూడటానికి ఇదే మంచి స్థాయి, నోటికి కొంచెం పలచన అనిపించినా. స్కాట్లండ్‌లో విస్కీలు కలిపే నిపుణులు, అదే బ్లెండర్లయితే, 20 శాతం దాకా దించి ముక్కుతోనే నిర్ణయిస్తారు. పోసేముందు సీసా మీది శాతం మళ్ళీ చూసుకోండి, ఒకే విస్కీ ఒక్కో దేశానికి ఒక్కో బలంతో వస్తుంటుంది.

నీళ్ళతో వాసన ఎందుకు విచ్చుకుంటుందంటే, పొగ వాసనకు ముఖ్యమైన గ్వయకోల్ లాంటి పదార్థాలు ఆల్కహాల్ ఎక్కువ ఉన్నప్పుడు దాంతో కలిసి ద్రవం లోపలే ఉండిపోతాయి. పలచన అయ్యేకొద్దీ పైపొరకు చేరతాయి. 2017లో స్వీడన్‌లోని లిన్నేయస్ యూనివర్సిటీ పరిశోధకులు కంప్యూటర్ నమూనాలతో చూపించింది ఇదే.

మైపాడు_ఉప్పుగాలి

పద్ధతి గురించి పై ఇద్దరు అన్నలు చెప్పినదాంతో నాకు పేచీ లేదు. సీసాల ఎంపికతోనే ఉంది. ఈ నాలుగింట్లో పీపా వేరు, పీట్ వేరు, వయసు వేరు, బట్టీ వేరు, బలం వేరు. తేడా కనపడుతుంది, అది దేనివల్ల వచ్చిందో మాత్రం ఎప్పటికీ తెలియదు. పెన్నగట్టు అడిగిందే 'ఎక్కణ్ణుంచి వచ్చింది' అని కదా. అందుకే జతలు కట్టాలి, జతలో ఒక్క తేడానే మిగలాలి.

లసాంటా ఉంది కాబట్టి దాని పక్కన గ్లెన్‌మొరాంజీ ఒరిజినల్ పెట్టండి. స్పిరిట్ ఒకటే. ఆ డిస్టిలరీ స్టిల్స్ (స్పిరిట్ కాచే రాగి పాత్రలు) స్కాట్లండ్‌లోకెల్లా ఎత్తయినవి, మెడ 5.14 మీటర్లు. బరువైన ఆవిర్లు పైదాకా పోలేక వెనక్కి జారిపోతాయి, అందుకే తేలికైన, పూలవాసన స్పిరిట్ దిగుతుంది. ఒరిజినల్ బూర్బన్ (అమెరికన్ విస్కీ) పట్టిన పీపాల్లో ఊరింది, లసాంటా అదే స్పిరిట్ చివర్లో షెర్రీ (స్పెయిన్ వైన్) పట్టిన పీపాల్లో గడిపింది. ఒరిజినల్‌లో లేకుండా లసాంటాలో వచ్చిన ఎండుద్రాక్ష, నారింజ తొక్క, దాల్చినచెక్క దాదాపు అంతా షెర్రీ పీపా పనే.

పీట్ జతకు లాగవులిన్ 16 పక్కన కావల్ ఈలా 12. రెండూ ఐలా దీవివే, రెండూ 43 శాతమే, రెండింటికీ పోర్ట్ ఎలెన్ మాల్టింగ్స్ నుంచి సుమారు 35 పీపీఎం (పది లక్షల్లో 35 వంతులు) ఫినాల్, అంటే పొగ వాసన పదార్థాలు, ఉన్న మాల్టే వస్తుంది. అయినా లాగవులిన్ చిక్కగా, బరువుగా ఉంటుంది, కావల్ ఈలా పలచగా, నిమ్మచెక్క పిండినట్టు ఉంటుంది. స్టిల్‌ను ఎంతవరకు నింపుతారు, ఎంత నెమ్మదిగా కాస్తారు, దిగే స్పిరిట్‌లో ఎక్కణ్ణుంచి ఎక్కడిదాకా పట్టుకుంటారు అన్నదే ఆ తేడా. వయసు నాలుగేళ్ళు తేడా ఉంది, అది ఒప్పుకోవాల్సిందే, ఇంతకంటే దగ్గరి జత మామూలు సీసాల్లో దొరకడం కష్టం. పీపీఎం అంకె మాల్ట్‌ది, గ్లాసులోని విస్కీది కాదు. కాచేటప్పుడూ ఊరేటప్పుడూ ఫినాల్స్ చాలావరకు తగ్గిపోతాయి. ఆ అంకె చూసి పొగ ఎంతుంటుందో లెక్కకట్టొద్దు.

ప్రాంతం పేరు చూసి వరస పెట్టే అలవాటు కూడా వదిలేయండి. బన్నహావెన్ 12 ఐలాదే, అందులో పొగ దాదాపు ఉండదు. టాలిస్కర్ స్కై దీవిది. 2009 స్కాచ్ నియమాల్లో 'దీవులు' అనే ప్రాంతమే లేదు, అది హైలాండ్ కిందికే వస్తుంది.

40 శాతానికి దించడం గురించి కావలి అన్నకు ఒక్క మాట. టాలిస్కర్‌ను 45.8 దగ్గర ఉంచింది వాళ్ళు కావాలనే. దాని మిరియాల ఘాటు ఆ బలంలోనే నిలబడుతుంది. సమానం చేసి పోల్చండి, కానీ 'బాగుందా లేదా' అన్న తీర్పు మాత్రం నీళ్ళు లేని మొదటి గుటకతో ఇవ్వండి.

కావలి_కెరటం

ఒప్పుకుంటున్నాను. రెండు కాలమ్‌లు గీసుకుని, ఒకదాంట్లో పోలిక, ఒకదాంట్లో ఇష్టం రాసుకుంటే రెండూ కలగాపులగం కావు.

గూడూరు_నిమ్మతోట

పేర్ల సంగతి. హెదర్, క్విన్స్ వదిలేయండి. మన ముక్కుకు తెలిసిన వాసనలను చిన్న మూత సీసాల్లో పెట్టుకుని, పోల్చే ముందు రోజు వాటిని గుర్తుపట్టే సాధన చేయండి. అదే రోజు అదే గదిలో వద్దు.

కోరిన ఎండుకొబ్బరి ఒకటి, పీపాల అమెరికన్ ఓక్ చెక్క నుంచి వచ్చే లాక్టోన్ అనే పదార్థం వాసన అదే. వెనిలా ఎసెన్స్ రెండు చుక్కలు, ఓక్ పేళ్ళను కాల్చి మాడ్చినప్పుడు పుట్టే వెనిలిన్‌కు గుర్తు. దంచిన లవంగం, దాంట్లో వాసననిచ్చే యూజెనాలే ఓక్‌లోనూ ఉంటుంది. మగ్గిన అరటిపండు, కొత్త స్పిరిట్‌లో పళ్ళ వాసననిచ్చే ఈస్టర్ అనే పదార్థానికి. పచ్చి బేరికాయ ముక్క గ్లెన్‌ఫిడిక్ కోసం. నానిన ఎండుద్రాక్ష షెర్రీకి. మా తోటల నిమ్మ తొక్క ఒక చిన్న ముక్క. తాటిబెల్లం కూడా పెట్టండి, షెర్రీ మాల్ట్‌లలో 'ట్రీకిల్' (నల్లటి చక్కెర పాకం) అని రాసేదానికి తాటిబెల్లం పాకం దగ్గరి మాట. లాగవులిన్‌కు దూది మీద ఒక చుక్క టింక్చర్ అయోడిన్, ఇంకోదాని మీద డెట్టాల్. పొగకు, కొబ్బరిపీచు రగిలించి ఆర్పి దాని మీద ఖాళీ సీసా బోర్లించి మూత పెట్టేయండి. టాలిస్కర్‌లో ఉప్పు అని రాసేది నిజంగా ఉప్పు కాదు, మైపాడు ఒడ్డున చేపలు ఎండబెట్టే చోట వచ్చే గాలి లాంటిది అని రాస్తే మనవాళ్ళకు వెంటనే అర్థమవుతుంది.

ఎవరి కాగితం వాళ్ళు రాసుకునేదాకా ఎవరూ నోరు తెరవకూడదు. ఒకరు 'వెనిలా' అంటే చాలు, అందరికీ వెనిలానే వస్తుంది.

ఒంగోలుగిత్త, ఒంగోలు

దానికి చిన్న చేర్పు. మా వైపు పొగాకు బ్యారన్ (ఆకును వేడితో ఆరబెట్టే కొట్టం) వాసనను పీట్‌కు గుర్తుగా పెట్టుకునేవాళ్ళున్నారు. అది తప్పుదారి. బ్యారన్‌లో పొగ గొట్టాల్లోంచే బయటికి పోతుంది, ఆకుకు తగిలేది వేడి మాత్రమే. పీట్ మాల్ట్‌లో పొగ నేరుగా తడి గింజల మధ్యనుంచి పోయి పొట్టుకు అంటుకుంటుంది. క్యూర్ చేసిన ఆకు తీపి వాసన పాత షెర్రీ పీపాల మాల్ట్‌లకు బాగా సరిపోతుంది, దాన్ని అటువైపు పెట్టుకోండి.

రంగు చూసి మోసపోవద్దు. స్కాచ్‌లో కారమెల్ రంగు కలపడానికి చట్టం ఒప్పుకుంటుంది. ముదురు రంగు అంటే ముసలి విస్కీ అనుకోకండి. లైటు తగ్గించండి, గ్లాసుల అడుగున అంకెల స్టిక్కర్లు వేసి, ఆటలో లేని ఒకరితో పోయించండి.

నిజంగా తేడా పట్టారో లేదో తేల్చడానికి మూడు గ్లాసుల పరీక్ష ఉంది. రెండింట్లో ఒకటే విస్కీ, మూడోదాంట్లో వేరేది, వేరేది ఏదో ముక్కుతోనే చెప్పాలి. మీరు పక్కకు తిరగండి, ఇంకొకరు స్థానాలు మార్చి ఏది ఎక్కడో రాసుకోవాలి. ఇట్ట ఐదుసార్లు. నాలుగుసార్లు సరిగా చెప్తే తేడా పట్టుకున్నట్టే, ఉత్త ఊహతో అంత రావడం నూటికి ఐదు కంటే తక్కువ. తాగే పని లేదు కాబట్టి ఒక్కోదాంట్లో 10 మి.లీ. పోస్తే అవే మూడు గ్లాసులు ఐదుసార్లకూ సరిపోతాయి, మధ్యలో మూతలు పెట్టడం మరవకండి.

పెన్నగట్టు, నెల్లూరు

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ చాలా థాంక్స్ అన్నా. ఒరిజినల్, కావల్ ఈలా తెప్పించి రెండు జతలుగానే పెడతాం, టాలిస్కర్, గ్లెన్‌ఫిడిక్ ఇంకో రోజుకు. సీసాలు సగమే అయిపోతే మిగిలినవి ఈ వేడికి చెడిపోకుండా ఎట్ట దాచాలి?

కావలి_కెరటం

సగం కంటే తగ్గిన సీసాలో గాలి పని మొదలవుతుంది, నెలలు గడిచేకొద్దీ పొగా పళ్ళ వాసనా చప్పబడతాయి. 180 మి.లీ. గాజు సీసాలు వేడినీళ్ళతో కడిగి, పూర్తిగా ఆరాక మెడదాకా నింపి గట్టి మూత బిగించండి, పేరు, తేదీ రాసి అతికించండి. కార్క్ ఉన్న అసలు సీసాలను నిలబెట్టే ఉంచాలి, పడుకోబెడితే ఆ బలం ఆల్కహాల్ కార్క్‌ను తినేసి ముక్కలు చేస్తుంది. బీరువాలో కింది అర, పడమటి గోడకు ఆనని వైపు, ఎండ తగలని చోటు. వంటగదిలో గ్యాస్ పొయ్యి పై అరల్లో మాత్రం పెట్టొద్దు, రోజూ వేడెక్కి చల్లారుతుంటే కార్క్ సందుల్లోంచి ఆవిరి బయటికి పోతూ, గాలి లోపలికి వస్తూ ఉంటుంది.